దుకాణం తెరిచే ఉంది

మా దీవుల్లోని డెలానీపూర్‌లో వలలు, గాలాలు అమ్మే బాబాయ్ గుర్తొస్తే, రోడ్డు అవతల నిలబడ్డ మనిషే కనిపిస్తాడు. ఆయన దుకాణానికి వెబ్‌సైట్ చేసిపెట్టింది నేనే. అది కొనేవాళ్లకు పనికొస్తోందో లేదో చూడడానికి ఆయనకో పద్ధతి ఉండేది. ఫోన్ పట్టుకుని రోడ్డు దాటేవాడు. ఇక్కడి నత్తనడక నెట్‌లో పేజీ తెరుచుకునేదాకా ఓపిగ్గా ఆగేవాడు. ‘దుకాణం తెరిచి ఉంది’ అన్న పచ్చ అక్షరాలు రాగానే తలెత్తి, సొంత దుకాణాన్నే కొత్తవాడిలా చూసేవాడు.

“బరాబర్ ఉంది,” అనుకుంటూ వెనక్కి వచ్చేవాడు.

వానాకాలంలో ఓ ఆదివారం అటు వెళ్లాను. పడవలన్నీ ఒడ్డెక్కేశాయి. వీధంతా షట్టర్లు దించి ఉంది. ఆయనొక్కడే గొడుగు కింద, రోడ్డు అవతల, ఫోన్‌నీ దుకాణాన్నీ మార్చి మార్చి చూస్తున్నాడు.

“ఆదివారం సెలవని పెట్టేస్తాను బాబాయ్. హాయిగా ఇంట్లో పడుకో.”

“ఇంట్లో ఏటుందిరా? దుకాణ్‌లో అయితే ఎవులో ఒకలు వస్తారు.”

“ఈ వానలో ఎవరొస్తారు?” విసుక్కున్నాను.

ఆయన నన్ను లోపలికి తీసుకెళ్లి, స్టూలు తుడిచి నా ముందుకు జరిపాడు.

“నువ్వొచ్చినావు గదా.”