పొట్ట ఉన్న స్తంభాలు

గల్ఫ్‌లో, అజ్మాన్‌లో విల్లాల ముందు నిలబెట్టే గ్రీకు స్తంభాలు సిమెంటుతో పోతపోసే పని మాది. ఎండకు అచ్చు ఉబ్బి, ఆరింటిలో రెండు స్తంభాలకు నడుము దగ్గర పొట్ట వచ్చింది. పగలగొట్టి మళ్లీ పోసే ఓపిక ఎవరికీ లేదు. కొట్లో పెరిగిన నోరు కదా అని బేరానికి నన్నే ముందుకు తోశారు.

పాత గ్రీకు గుళ్ల స్తంభాలకూ నడుము దగ్గర కాస్త ఉబ్బు ఉంటుందని, దూరం నుంచి నిటారుగా కనిపిస్తాయని అప్పుడే ఫోన్‌లో చదివింది, సరుకు చూడవచ్చిన విల్లా యజమానికి హిందీలో వినిపించాను. ఆయన వెనక్కి నడిచి చూసి మురిసిపోయాడు.

“మరి మిగతా నాలుగింటికీ పొట్ట లేదేం? అవీ ఇలాగే పోయండి,” అన్నాడు.

మేస్త్రీ సుత్తి తెచ్చి నా చేతికిచ్చాడు. “బేరం ఖలాస్ అన్నా. యల్లా, నడువ్, గా నాలుగు నువ్వే పలగ్గొట్టు. ఇగ నోరు తెరవకు.”