బతికుండగా చెల్లని పేరు

బ్యాంకు ఆఫీసరు కాగితాన్ని రెండుసార్లు చదివి, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"మీ పేరు ఉందమ్మా. నామినీగా ఉంది."

"అదేగా నేనూ చెబుతున్నా. మా అన్నయ్యే రాయించాడు."

"నామినీ అంటే ఆయన తర్వాత మీకు. ఆయన ఉండగా ఇందులోంచి మీరు చిల్లిగవ్వ తీయలేరు."

"నాకోసం కాదు బాబూ. ఆయన్ని చూసుకునే హోముకు కట్టాలి."

"ఆయన కోసమైనా అంతే."

"అంటే, ఆయన పోతే ఆయన్ని చూసుకోడానికి డబ్బిస్తారు. ఉంటే ఇవ్వరు. అంతేనా?"

ఆఫీసరు తల దించుకున్నాడు. మంచివాడే. చేతిలో రూలు తప్ప మరేమీ లేదు.

వీధిలో ఆమెను అందరూ టైలరమ్మ అంటారు. అరవై ఒకటో ఏడు. బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. అన్నయ్య లిఫ్టు మెకానిక్కుగా చేసి రిటైరయ్యాడు. ఊళ్లో సగం భవనాలను పైకీ కిందికీ నడిపించిన మనిషి, ఉండేది మాత్రం లిఫ్టు లేని భవనంలో మూడో అంతస్తు. ఎవరైనా ఎత్తిపొడిస్తే, "మెట్లకు రిపేరు రాదు, అందుకే ఇక్కడున్నా" అనేవాడు. భార్య పోయాక చెల్లెల్ని తన దగ్గరికే రమ్మన్నాడు. ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకోవడానికి కిటికీ పక్కన చోటు తనే చేసిచ్చాడు.

జాగ్రత్తపరుడు. నాలుగేళ్ల కిందట, భార్య పోయిన నెలలోపే, బ్యాంకు నుంచి ఒక ఫారం తెచ్చాడు. ఖాతా ఇద్దరి పేరా మార్చి, ఎవరైనా తీసుకునేలా చేద్దామన్నాడు. టైలరమ్మ కత్తెర కింద పెట్టలేదు.

"వదిన పోయి నెల తిరగలేదు, చెల్లెలు పాస్‌బుక్కు మీద పడిందంటారు. నాకొద్దు."

"ఎవరంటారే?"

"అనేవాళ్లకు కరువా? నువ్వు గుండ్రాయిలా ఉన్నావు. ముందు దాన్ని లోపల పెట్టు."

పెట్టాడు. వారం తర్వాత వచ్చి, "పోనీ, నామినీగా నీ పేరు రాయించేశాను. ఇప్పుడు ఎవరూ ఏమీ అనరు, నీకూ బెంగ లేదు" అన్నాడు. అన్న మాట నిలిచింది, తన పరువూ నిలిచింది అనుకుందామె. ఆ ఫారానికీ ఈ రాతకూ ఎంత దూరమో ఇద్దరూ అడగలేదు.

నాలుగు నెలల కిందట అన్నయ్యకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాటల్లో ఒక్కటే మిగిలింది: "వద్దు." గరిటెజావ నోటి దగ్గరికి తెస్తే "వద్దు" అని నోరు తెరుస్తాడు. దుప్పటి కప్పితే "వద్దు" అని గడ్డం దాకా లాక్కుంటాడు. బుర్రకు అన్నీ అర్థమవుతాయనీ, మాట బయటికి వచ్చే దారే తెగిందనీ డాక్టరు చెప్పాడు. అతన్ని రోజుకు ఆరుసార్లు ఎత్తి పక్క మార్చి మార్చి టైలరమ్మ నడుము పట్టేసింది. ఇంకోసారి ఎత్తితే ఆ మంచం పక్కన ఇంకో మంచం వేసుకోవాలన్నాడు అదే డాక్టరు. హోములో కింది అంతస్తులో ఒక మంచం ఖాళీ అయింది. శనివారం దాకా ఉంచుతామన్నారు.

బ్యాంకు ఆఫీసరు తనకున్న దారి తను వెతికాడు. బుధవారం ఇద్దరు సాక్షులతో మెట్లెక్కి ఇంటికే వచ్చాడు. అన్నయ్య సమ్మతి ఇస్తే ఎడమచేతి వేలిముద్ర చాలు.

"మీ ఖాతా మీ చెల్లెలుగారు నడపడం మీకు ఇష్టమేనాండీ?"

"వద్దు" అన్నాడు అన్నయ్య. అంటూనే ఎడమ బొటనవేలు ఇంకు డబ్బా వైపు చాపాడు.

"చూశారా, వేలు పెడుతున్నాడు" అంది టైలరమ్మ.

"నోటితో వద్దంటున్నారు కదమ్మా. పోనీ, తల ఊపండి సార్."

తల కూడా ఆ మాట వెంటే పోయింది. అడ్డంగా ఊగింది. అన్నయ్య కళ్లు ఎర్రబడ్డాయి. ఎడమచేత్తో తన గడ్డం తనే పట్టుకుని కిందికి గుంజుకున్నాడు. సాక్షుల్లో ఒకాయన కిటికీ వైపు తిరిగాడు.

"రేపు ఎవరైనా నిలదీస్తే, వద్దన్న మనిషి చేత వేయించామనే ఈ సాక్షులు చెప్పాలి" అన్నాడు ఆఫీసరు. ఇంకు డబ్బాకు మూత పెట్టి, లాయరును చూడమన్నాడు.

లాయరమ్మ ఆఫీసు రెండు వీధుల అవతల. సంగతంతా విని నిట్టూర్చింది.

"తనకు చేతకాని రోజొచ్చినా చెల్లేలా, ఒంట్లో బాగున్నప్పుడే ఒక అధికార పత్రం రాయించుకోవాల్సిందమ్మా. ఒక్క పూట పని."

"చేతులు కాలాక చెబుతున్నారు."

"కాలకముందు నా మెట్లు ఎవరెక్కారు గనక చెప్పడానికి?"

ఇప్పుడు కోర్టులో సంరక్షకురాలిగా దరఖాస్తు పెట్టడం ఒక్కటే మార్గం. లాయరమ్మ మర్నాడు కాగితాలు ఇంటికి తెచ్చింది. అన్నయ్యను దిండ్లకు ఆనించి కూర్చోబెట్టి ఉంది. టైలరమ్మ కుట్టుమిషను బల్ల మీదే కాగితం పరుచుకుని చదివింది. 'నా అన్నగారు తన వ్యవహారాలు గ్రహించే స్థితిలో లేరని ప్రమాణపూర్వకంగా తెలియజేస్తున్నాను' అని ఉంది.

"ఇది అబద్ధం కదండీ" అంది మెల్లగా. "అన్నీ తెలుస్తున్నాయి. చెప్పలేడు, అంతే. అలా రాయకూడదూ?"

"తెలుస్తుందని రాస్తే, ఆయన్నే చెప్పమనండి అంటుంది కోర్టు."

అన్నయ్య కాగితం కోసం ఎడమచెయ్యి చాపాడు. ఇవ్వక తప్పలేదు. ప్రతి లిఫ్టు మాన్యువలూ మొదటి అక్షరం నుంచి చదివిన మనిషి, వేలు కింద పెట్టుకుంటూ వరసగా చదివాడు. ఒక వాక్యం దగ్గర వేలు ఆగింది. తర్వాత కాగితాన్ని దుప్పటి మీద పెట్టి గోడ వైపు తిరిగాడు. ఈసారి ఆ ఒక్క మాట కూడా అనలేదు.

"అన్నయ్యా, ఏం చెయ్యమంటావు?"

మిషను కింద గుడ్డముక్కలు ఫ్యాను గాలికి కదులుతున్నాయి. లాయరమ్మ గడియారం చూసుకుంది. టైలరమ్మ దుప్పటి మీది కాగితం తీసి, చూపించిన మూడు చోట్లా సంతకం పెట్టింది.

"వాయిదా ఎప్పుడొస్తుంది?"

"ఏడు వారాలకు. అదీ మొదటిది."

శనివారం పొద్దున హోము నుంచి ఫోను వచ్చింది. వేరే వాళ్లు అడుగుతున్నారు, మీరు వస్తున్నారా అని. "వాళ్లకే ఇచ్చెయ్యండి" అంది. పక్క మార్చే వేళయింది. కుట్టడానికి తెచ్చిన మందపాటి గుడ్డ ఒక వార చించి, నడుముకు గట్టిగా బిగించి కట్టుకుంది. అన్నయ్య భుజం కింద చెయ్యి దూర్చి, మెడ పట్టుకోమంది. అతను పట్టుకోలేదు. ఆమే ఎత్తింది.