మామ రెండో కేసెట్

నా చిన్నప్పుడు మా మర్రిగూడ వైపు ఊళ్ళలో పెళ్ళికొడుకు ఆలస్యంగా వచ్చినా ఓర్చుకునేవాళ్ళు గానీ, మా చిన్నమామ ఆలస్యంగా వస్తే ఊరుకునేవాళ్ళు కాదు. మామ, ఆయన దోస్తులు ఇద్దరు, ఒక డప్పు, ఒక హార్మోనియం. వియ్యాలవారి తిండి మీద, సగం దారిలో ఆగిపోయే బస్సు మీద, మీసాలకు నూనె రాసుకునే ముసలాయన మీద పాటలు కట్టి పాడేవారు. పట్నం పోయి ఆ పాటలను కేసెట్ చేయించుకొని వచ్చినప్పుడు మా సంబరం అంతా ఇంతా కాదు. మా అమ్మకు సొంత తమ్ముడాయె, బడిలో నా నడకే మారిపోయింది. ఆ పాటలు వింటూ, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని, కడుపు నొప్పి పుట్టేదాకా నవ్వేదాన్ని.

రెండేళ్ళకు రెండో కేసెట్ వచ్చింది. వినడానికి ఊరంతా చాయ్ హోటల్ దగ్గర చేరింది. ఈసారి డప్పు లేదు. హార్మోనియం ఒక్కటే మెల్లగా సాగింది. ఫ్లోరైడు ఉన్న మా బోరింగు నీళ్ళ మీద, అవి తాగి ముప్పై ఏళ్ళకే వంగిపోయిన నడుముల మీద పాట. జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"గిదేం పాటరా, ఎవరన్న సచ్చిండ్రా?" అన్నాడు వెనక నుంచి ఒకాయన.

"మా నడుములు వంగినయని మాకు ఎరుక లేదా? గది మల్ల పాటల ఇనాల్నా?" అన్నాడు, లేవలేక కర్ర పట్టుకొని కూర్చున్న ఇంకొకాయన.

రెండో పాట సగంలో ఉండగానే హోటలాయన ఆ కేసెట్ తీసి పాతది పెట్టాడు. ఈలలు మోగిపోయాయి. మామ అక్కడే చాయ్ గ్లాసు పట్టుకొని నిలబడి ఉన్నాడు. నిజం చెబుతున్నాను, నాకు ఆయన మీద జాలి కలగలేదు, కోపం వచ్చింది.

మెచ్చుకున్నది మా తెలుగు సారు ఒక్కరే. పాత పాటలను కోతి గంతులు అని తీసిపారేసిన మనిషి, "ఇప్పుడు మీ మామ కవి అయ్యిండు" అని తరగతిలో అందరి ముందూ అన్నారు. సారుకు నచ్చిన పాట పిల్లలకు నచ్చుతుందా? ఏడుపు పాటల మామ కోడలని నన్ను ఆటపట్టించడం మొదలుపెట్టారు.

మామ మా ఇంటికి ఇచ్చిన కేసెట్‌ను నేను రెండు పాటలకు మించి వినలేదు. పాత కేసెట్ టేపేమో నలిగి కీచుమంటోంది. ఒకరోజు రెండూ పట్టుకొని పక్కింటి చాచా దగ్గరికి పోయాను. ఆయన దర్జీ. కుట్టుమిషను పక్కన రెండు కేసెట్లు పట్టే టేప్‌రికార్డర్ ఉండేది. పాత పాటలను కొత్తదాంట్లో నింపమన్నాను.

"మీ మామకు చెప్పినవా బిడ్డా?"

"చెప్పిన చాచా. మామనే నింపిచ్చుకోమన్నడు."

చాచా నా ముఖంలోకి చూశాడు. పాటలు చెరగకుండా కేసెట్ అంచున ఒక గుంట వదులుతారు కదా, అందులో గుడ్డపేలిక కూరి మీట నొక్కాడు.

వారం తిరగకముందే మామ ఇంటికి వచ్చాడు. "అక్కా, ఆఖరు పాట ఇన్నవా?" అని అమ్మను అడిగి, తనే కేసెట్ పెట్టాడు. డప్పు మోత, వియ్యాలవారి తిండి పాట. అమ్మకు సంగతి అర్థమై నా మీదికి చెయ్యెత్తింది. మామ ఆ చెయ్యి పట్టుకున్నాడు. "ఉండక్కా, పాడనియ్యి" అన్నాడు. టేపు ఆపలేదు. తన పాత పాటలన్నీ తలవంచుకొని విన్నాడు. దానికన్నా అమ్మ చేతి దెబ్బలే నయమనిపించింది నాకు.

పాత పాటలు చివరిదాకా సరిపోలేదు. డప్పు టక్కున ఆగి, చెరగకుండా మిగిలిన ఆఖరు పాట తోక వినిపించింది. నవ్వొచ్చినప్పుడల్లా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే ఒక పిల్ల గురించి. ఆ చెయ్యి తీయించలేని మేనమామను నేను, దాన్ని ఎందుకు నవ్వించినట్టు అని మామ తనను తానే అడుగుతున్నాడు. పాట మొత్తంలో మిగిలింది నాలుగు వరుసలు. టేపు అయిపోయింది.

బోరింగు నీళ్ళకు మా ఊరి పిల్లలందరి పండ్లూ గోధుమరంగు చారలు తేలి ఉండేవి. నావీ అంతే. చెయ్యి అడ్డం పెట్టుకుంటానన్న సంగతి నాకే తెలియదు. పెళ్ళిపందిళ్ళలో పాడుతూ మామ అది చూశాడు.

"గిది నా పాటనా మామా?" అన్నాను. ఏడుపు ఆగలేదు.

"నీదే కోడలా. ఆఖర్ల పెట్టిన. గంతదాక ఇనెటోల్లు ఉంటరనుకున్న."

మొత్తం పాడమని కాళ్ళు పట్టుకున్నాను. తల నిమిరాడు గానీ పాడలేదు. మా ఊళ్ళో చాలామంది ఆ కేసెట్ల మీద సినిమా పాటలు నింపుకున్నారని తర్వాత తెలిసింది. మామ మళ్ళీ పెళ్ళిళ్ళలో వియ్యాలవారి తిండి పాటే పాడాడు. మూడో కేసెట్ రాలేదు.

ఇప్పటికీ నవ్వొస్తే నా చెయ్యి దానంతటదే పైకి లేస్తుంది. సగంలో మామ గుర్తొచ్చి దించుకుంటాను. ఎవరు ఏం పాడినా, నచ్చినా నచ్చకున్నా, ఆఖరుదాకా లేవను. ఆ నాలుగు వరుసలు నాకు కంఠతా వచ్చు. వాటికి ముందు మామ నా గురించి ఏం పాడాడో మాత్రం నాకు తెలియదు. అది నేనే చెరిపేశాను.