శాలువా ఎవరికి?

మరిపెడ దగ్గరి మా ఊరికి మా అక్క సర్పంచ్. ఊళ్లో అందరూ సర్పంచ్ సాబ్ అని పిలిచేది మాత్రం మా బావను. మేం ముగ్గురం ఫ్రాన్స్‌లో ఓ చిన్న పల్లెకు వెళ్లినప్పుడు, అక్కడి పంచాయతీ ఆఫీసు చూడాల్సిందేనని బావ పట్టుబట్టాడు. సంచిలో శాలువా కూడా పెట్టుకున్నాడు.

ఆఫీసు ముందు ఒకావిడ పూలకుండీలకు నీళ్లు పోస్తోంది. ఒకాయన నిచ్చెనెక్కి బల్బు బిగిస్తున్నాడు. మేయర్ ఎవరని ఇంగ్లీషులో అడిగితే, ఆవిడ నీళ్ల డబ్బా కింద పెట్టి, తానేనంది.

"మరి గాయనెవలు, బామ్మర్ది?" అన్నాడు బావ.

ఆవిడను అడిగి, "ఆమె మొగడంట బావా" అన్నాను.

"గట్ల చెప్పు!" అంటూ బావ తన సంచిని మేయర్ చేతికిచ్చి, ఆ పెద్దమనిషిని నిచ్చెన దింపి, శాలువా కప్పి, దండం పెట్టాడు. ఆయన బల్బుతో సహా బిత్తరపోయాడు.

"మావైపు సన్మానం భర్తకే చేస్తారు" అని మేయర్‌కు సర్దిచెప్పాను.

"ఎందుకు?" అంది.

నేను ఆ ప్రశ్నను అక్కకు తెలుగులో చెప్పాను. అక్క అందుకుంది. "గాయన బల్బన్న బిగిస్తుండు. మా ఆయన గది గూడ చెయ్యడని చెప్పు."

చెప్పాను. మేయర్ పగలబడి నవ్వింది.

"జర ఫోటో తియ్యి" అంటూ బావ ఫోన్ అక్కకిచ్చాడు. 'ఫ్రాన్స్ మేయర్‌ను సన్మానించిన మన సర్పంచ్ సాబ్' అని ఆ ఫోటో ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఊరంతా అభినందించింది.

ఆ ఫోటోలో సర్పంచూ లేదు, మేయరూ లేదు. సర్పంచ్ ఫోటో తీస్తోంది. మేయర్ బావ సంచి పట్టుకుని పక్కన నిలబడింది.