అప్పును వాటాగా రాసిన చెయ్యి

ఏళ్ల తరబడి ఒక అబద్ధం నా గుండెల మీద ఎక్కి కూర్చుంది. ఇవాళ దించేస్తున్నాను. మీకే చెబుతున్నాను. గబగబా చెప్పేయాలి, ఆగితే మళ్లీ మింగేస్తాను.

తెనాలిలో ఒక జీడిపప్పు కంపెనీకి లెక్కలు రాసేవాణ్ణి. కాలేజీ గడప తొక్కలేదు. పాత పుస్తకాలు కొనుక్కుని సొంతంగా నేర్చుకున్నాను, ఆ పొగరూ ఉండేది. కంపెనీ ఉరకలేస్తూ పెరిగింది. బాపట్ల దగ్గర రెండో షెడ్డు వేసి, ఆ విస్తరణకే ఊపిరాడక అప్పుల్లో పడింది. పప్పు ఒలిచే ఆడవాళ్ల దగ్గర యజమాని డబ్బు తీసుకున్నాడు, గడువు చెప్పి తిరిగిస్తానని. తిరిగివ్వాల్సింది అప్పే కదా? అప్పని రాస్తే బ్యాంకు కొత్త రుణం ఇవ్వదు. కంపెనీలో వాళ్ల వాటాలుగా చూపిద్దామన్నది ఎవరు? యజమాని కాదు. నేను.

ఆ ఆడవాళ్లకు వాటా పత్రాలు పంచుతుంటే, వాళ్లలో కర్లపాలెం రత్నమ్మ సంతకం పెట్టబోతూ ఆగింది.

“అన్నయ్యగారూ, ఇదేంటండి? అప్పా, వాటానా?”

“రెండూ ఒకటేనమ్మా.”

“అయితే నేనూ ఓనర్నేగా! రేపట్నుంచి మేస్త్రీ నన్ను మేడమ్‌గారూ అని పిలవాలండోయ్!”

షెడ్డంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆమె ఆ పత్రానికి నాలుగు మూలలా పసుపు రాసి దేవుడి పటం పక్కన పెట్టుకుంది.

రెండూ ఒకటి కావు. కంపెనీ మునిగితే ముందు అప్పిచ్చినవాళ్లకు కట్టాలి, ఇంకా మిగిలితేనే వాటాదార్లకు. ఆ వాటాలు చూసి బ్యాంకు మళ్లీ రుణమిచ్చింది, అదీ కరిగిపోయింది. చివరికి షెడ్లు అమ్మారు. బ్యాంకుకు వచ్చింది. డబ్బాలు సరఫరా చేసినవాడికీ, లారీవాడికీ ఎంతో కొంత వచ్చింది. రత్నమ్మకు పైసా రాలేదు. ఓనర్ కదా!

మరి నేనేం చేశాను? రేపల్లె చేరి, టీకొట్టు దగ్గర యజమానిని తిట్టాను, బ్యాంకును తిట్టాను, ఆడిటర్ని తిట్టాను, అందరికంటే గట్టిగా అరిచాను. ఆ కోపం నిజమే, కానీ దాని వెనక నక్కింది ఎవరో నాకు తెలుసు. ఎందుకు చేశాను? ఉద్యోగం పోతుందన్న భయమా? కొంత. చదువుకున్నవాళ్లకు తట్టని ఉపాయం నాకు తట్టిందన్న మురిపెం. అదే ఎక్కువ.

రేపు కర్లపాలెం వెళుతున్నాను. ఆమె తలుపేసుకోవచ్చు, చీపురు తిరగేయొచ్చు, ఆమె ఇష్టం. క్షమించమని అడగను. ఒక్క మాట చెప్పి వస్తాను. ముందు మీ దగ్గర అనేస్తున్నాను, వినండి.

రెండూ ఒకటి కావు రత్నమ్మా. నాకు అప్పుడే తెలుసు.