నాలుగు రోజుల దగ్గు

నాన్న దగ్గుతున్నాడని మా ఇంట్లో అందరికంటే ముందు నాకు తెలుసు. అమ్మకంటే నాలుగు రోజుల ముందు. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రోజూ డైరీ రాసే అలవాటున్న దాన్ని, ఆ నాలుగు రోజుల పేజీల్లో కూడా రాయలేదు. ఇప్పుడు తీసి చూస్తే ఏ షాటు ఎన్నిసార్లు తీశానో, ఎండ ఎటునుంచి పడిందో, అవే ఉన్నాయి.

అది కరోనా రెండోసారి వచ్చిన వేసవి. హాస్టలు మూసేశారని బోగోలు పక్కన మా ఊరికి వచ్చేశాను. నేను చదివే మీడియా కోర్సు ఫోనులోనే సాగుతోంది. సెమిస్టరు చివర ఒక్కొక్కరూ ఐదు నిమిషాల సినిమా తీసి పంపాలన్నారు. ఇంట్లో ఒక మనిషి, ఆ మనిషి చేసే ఒక పని. ఇల్లు దాటకూడదు. సంగీతం పెట్టకూడదు, ఆ పనిలో పుట్టే శబ్దాలే వినిపించాలి. నేను క్లాసులో నోరెత్తని పిల్లని. ఆన్‌లైను క్లాసుల్లో కెమెరా కూడా ఆపేసి, ఒళ్ళో ఏదో ఒక నవల పెట్టుకుని కూర్చునేదాన్ని. ఈ ఒక్కటి బాగా తీస్తే నేనొకదాన్ని ఉన్నానని మా సారుకి తెలుస్తుందనుకున్నాను.

నాన్న దర్జీ. పంచలో కాలితో తొక్కే పాత మిషను మీద బడిపిల్లల యూనిఫారాలు కుట్టేవాడు. బడులు మూతపడ్డాక మిగిలిపోయిన నీలిగళ్ళ గుడ్డతో మాస్కులు కుట్టి వీధిలో అందరికీ ఇచ్చాడు. ఆ వేసవిలో మా వీధి ముసలివాళ్ళు కూడా బడికి బయల్దేరినట్టు కనిపించేవాళ్ళు.

నా సినిమాలో నువ్వే అన్నాను.

"నన్నా? ఎవురు చూస్తారు మే నా మొకం?" అన్నాడు.

"మొహం కాదు నాన్నా, చేతులు."

"అట్టయితే సరే. చేతులు బాగనే ఉండాయి."

మర్నాడు పొద్దున్నే గడ్డం గీసుకుని, పెళ్ళిళ్ళకి వేసుకునే తెల్లచొక్కా తొడుక్కుని మిషను ముందు కూర్చున్నాడు. పక్కింటావిడ నాన్నకి వరసకు మరదలు. గోడ మీదినుంచి తొంగి చూసింది.

"ఏంది బావా, హీరోవయిపోయినావంట. మరి హీరోయిన్ను నేనేనా?"

"నీకు గుడ్డ చాలదులే మే" అన్నాడు నాన్న, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

నేను ఆ తెల్లచొక్కా విప్పించి, రోజూ వేసుకునే బూడిదరంగుది వేయించాను. అన్నిరోజులూ అదే ఉండాలి, లేకపోతే షాట్లు అతకవు అన్నాను. అమ్మ రోజూ సాయంత్రం ఆ చొక్కా కోసం పోరేది. "కంపు కొడతాంది, ఇటియ్యి, ఉతికేస్తా" అంటే, "ఉతికితే రంగు మారుద్దంట, సినిమా చెడిపోద్దంట" అని నాన్నే నా తరఫున వాదించేవాడు.

మొదటిరోజు తీసింది మధ్యాహ్నం గదిలో కూర్చుని ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. కత్తెర నడుస్తున్న చప్పుడు, చక్రం తిరిగే చప్పుడు, దారం తెంపిన చప్పుడు. వాటి మధ్య ఒక దగ్గు. నోట్లోంచి బయటికి వచ్చింది కాదు, గొంతులోనే అణిచేసుకున్నది. ఫోను మిషను బల్లమీదే పెట్టాను కాబట్టి దొరికింది. వంటింట్లో ఉన్న అమ్మకి వినిపించే అవకాశమే లేదు. ఆ షాటు పక్కన పెట్టేశాను.

రెండోరోజు నాన్నకి చెప్పాను, రికార్డులో దగ్గు పడుతోందని.

"దూది నలకలు పోయుంటాయి గొంతులోకి" అన్నాడు. తర్వాత వంటింటివైపు చూసి, "అమ్మకు చెప్పబాక. ఇదంతా ఆపేయమంటది" అన్నాడు.

ఆయనే ఆ మాట అన్నందుకు నాకు హాయిగా అనిపించింది. దీన్ని ఎలా రాసినా ఇంతే.

అలమారలో డబ్బాలోంచి కరక్కాయ ముక్క ఒకటి అమ్మ చూడకుండా తెచ్చి ఇచ్చాను. నాన్న బుగ్గన పెట్టుకున్నాడు. ఆ బుగ్గ ఉబ్బి కనిపిస్తోందని ఫోనుని రెండోవైపుకి మార్చాను. ఆ రోజూ, మర్నాడూ దగ్గు పడలేదు. మధ్యలో ఒకసారి కరక్కాయ వగరుకి మొహం చిట్లించి, "మీ సారుకి ఒక ముక్క పంపీ" అన్నాడు.

మూడోరోజు మధ్యాహ్నం ముక్కలు అతికించడం మొదలుపెడితే కొత్త చిక్కు కనిపించింది. మొదటిరోజు మిషను శబ్దం వాన పట్టుకున్నట్టు ఏకధాటిగా ఉంది. మూడోరోజుది మెట్లెక్కుతున్న మనిషిలా ఆగి ఆగి వస్తోంది. రెండూ పక్కపక్కన పెడితే అతకడం లేదు. మళ్ళీ మళ్ళీ విన్నాను. నాన్న కాలు నెమ్మదించిందని నాకు అర్థమైంది. ఎందుకు నెమ్మదించిందో కూడా అర్థమైందనే అనుకుంటాను. పేపరు రోజూ చదువుతున్నదాన్నే కదా.

నాలుగోరోజు పొద్దున ఆయన ఎదురుగా నిలబడి, "ఇంకొంచెం జోరుగా తొక్కు నాన్నా" అన్నాను.

తొక్కాడు.

"చాలా?"

"ఇంకొంచెం."

తొక్కాడు. మాస్కు అంచు చివరిదాకా ఒక్క ఊపున కుట్టాడు. నేను ఆపమన్నాక మిషను బల్లమీద నుదురు ఆనించుకున్నాడు. నేను ఫోనులోకి చూస్తున్నాను, రికార్డు అయిందా లేదా అని.

"వచ్చిందా?" అన్నాడు తల ఎత్తకుండా.

"వచ్చింది నాన్నా."

ఆ సాయంత్రం అమ్మ ముందు మొదటిసారి దగ్గాడు. తెల్లారేసరికి ఒళ్ళు కాలిపోతోంది. ఆటోలో కావలి తీసుకెళ్ళాం. డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకి పట్టుకుని చూసి, ఎన్నిరోజులనుంచి దగ్గు అని అడిగాడు.

"నిన్న సాయంత్రం నుంచి సార్" అంది అమ్మ.

"ఒక్కరోజు దగ్గుకి ఊపిరితిత్తులకి ఇంత పట్టదే అమ్మా."

"లేదు సార్, నిన్నటినుంచే. పొద్దస్తమానం ఇంట్లోనే ఉంటా గదా, నాకు తెలీదా?"

నాన్న నీలిగళ్ళ మాస్కు మీదినుంచి నా వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. చిన్నప్పుడు నన్ను పరీక్షకి దింపి, అన్నీ తెచ్చుకున్నావా అని చూసేవాడు, అలా చూశాడు. నేను గోడమీద క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను. డాక్టరు చీటీమీద ఒకరోజు అనే రాసుకున్నాడు.

నాలుగు రోజులు ముందు తెచ్చి ఉంటే ఏమయ్యేదో నాకు తెలీదు. ఎవరినీ అడగలేదు. అడిగితే చెబుతారేమోనని భయం.

నాన్నని కరోనా వార్డులో చేర్చుకున్నారు, మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. నాన్న లోపల ఉండగానే గడువు వచ్చింది, సినిమా పంపేశాను. తొమ్మిదో రోజు నాన్న పోయాడు. దూరంనుంచి చూపించారు, మొహం కూడా సరిగా కనపడలేదు. కొన్ని వారాల తర్వాత సారు మార్కులు పంపుతూ ఒక వాక్యం రాశారు, శబ్దం ఎంతో శుభ్రంగా ఉంది, అనవసరమైనది ఒక్కటీ లేదు అని. ఆ వాక్యం కోసమే కదా నేను అంతా చేసింది.

ఆ సినిమా చూపించమని అమ్మ ఇప్పటికీ అడుగుతుంది. ఫోను పాడైపోయింది, అందులోనే పోయిందని చెప్పాను. పోలేదు. చూపిస్తే, ఆయన ఎంత జోరుగా తొక్కుతున్నాడో చూసి అమ్మ సంతోషపడుతుంది. నేనది చూడలేను. దగ్గు ఉన్న ముక్క కూడా దాచే ఉంచాను. ఆ తర్వాత ఒక్కసారీ వినలేదు.

నాన్న వార్డులోకి వెళ్ళిన ఆరోరోజు పొద్దున తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. అక్కడ పనిచేసే నర్సు తన ఫోను ఆయనకిచ్చింది. అమ్మ బోరింగు దగ్గర నీళ్ళు కొడుతోంది. నేను ఫోను తీసుకుని పెరట్లోకి వెళ్ళాను. ఆయన కాలు ఎందుకు నెమ్మదించిందో నాకు తెలుసని, తెలిసే తొక్కించానని ఆయనకి చెప్పి, ఆ తర్వాత అమ్మకీ చెప్పేయాలని అప్పటికి రెండురోజులుగా అనుకుంటున్నాను.

"నాన్నా, నీతో ఒకటి చెప్పాల."

అటువైపు కాసేపు ఊపిరే వినిపించింది.

"తిన్నా... ఇడ్లీ పెట్టినారు" అన్నాడు. నేను అడగబోయేది అదే అనుకున్నాడు.

"అది కాదు నాన్నా. ఆరోజు నేను..."

"ఆయాసమొస్తాంది తల్లీ. అమ్మకియ్యి ఫోను."