నురగమ్మ బొటనవేలి గుంట

ఆ వీధుల్లో ఆవిడను నురగమ్మ అనేవారు. ముప్పై ఏళ్ళుగా వెనకగదిలో సబ్బులు చేసి అమ్మిన మనిషి. నూనె, కాస్టిక్ సోడా కలిపిన నీళ్ళు పోసి ఉడికించి, ట్రేలో పోసి, మెత్తగా ఉండగానే ముక్కలు కోసి, ప్రతి ముక్క మూలన బొటనవేలితో నొక్కేది. గుంట నిలిస్తే సబ్బు కుదిరినట్టు, పూడుకుపోతే ఇంకా ఆగాలన్నట్టు. ఆ వేలి మీద చిన్ననాటి కత్తిగాటు ఉంది. అందుకని గుంటలో అడ్డంగా ఓ సన్నని గీత పడేది. స్నానంలో కళ్ళకు నురగ పట్టినవాళ్ళు కూడా గుంట తడిమి, ఇది మన నురగమ్మదే అనుకునేవారు.

ఆ సంగతి ఆవిడకు ఎవరూ చెప్పలేదు. మంచిమాట మొహాన చెప్పే అలవాటు మనుషులకు ఎక్కడ ఏడ్చింది?

పెద్ద కంపెనీల సబ్బులొచ్చి కొట్లు ఒక్కొక్కటే చేజారిపోగా, చివరికి వీధి మలుపు కొట్టొక్కటే మిగిలింది. "అత్తయ్యా, మనకంటూ ఒక బ్రాండ్ ఉండాలి" అని కోడలు బొమ్మలు గీసే అతన్ని పిలుచుకొచ్చింది. అతను పెట్టె మీద నురగమ్మ మొహమే వేశాడు. ముడతలు తీసేసి, జుట్టు నల్లబరిచి, పాతికేళ్ళు వెనక్కి నడిపించాడు. ఆవిడ పొంగిపోయింది. కాదంటే అబద్ధం.

"ఈ గుంట లోపంలా కనిపిస్తోందండీ. తీసేద్దామా?" అన్నాడతను.

"తీసెయ్ నాయనా, చేతగానిదాని పనిలా ఉంది" అంది, బొమ్మ మీదినుంచి చూపు తిప్పకుండా. ఏడాదిగా ఆ వేలి కణుపు వాచి, నొక్కినప్పుడల్లా ప్రాణం పోతోందని మాత్రం ఎవరికీ చెప్పలేదు. లోపల్లోపల హమ్మయ్య అనుకుంది.

కొంప అక్కడే మునిగింది.

నెల తిరక్కుండా కోడల్ని రమ్మని కొట్టాయన కబురు పెడితే, నురగమ్మే వెళ్ళింది. పెట్టెలు పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. ఆవిడను చూసి ఉలిక్కిపడి లేచాడు.

"పెద్దమ్మా! బతికే ఉన్నారా?"

"ఏం, నీకేమైనా అడ్డమా?"

"అది కాదండీ. పెట్టె మీద, దండ వేసే ఫొటోలా, మీ వయసునాటి బొమ్మ చూసి మీరు పోయారనుకుంటున్నారు జనం. పేరు ఎవరో కొనుక్కున్నారట, గుంట లేదు కాబట్టి నకిలీదట. శనివారం సాయంత్రానికి మీ పెట్టెలున్న అర ఖాళీ చెయ్యాలి. కంపెనీవాళ్ళు అడుగుతున్నారు."

"శనివారం పొద్దున్నే ఇక్కడికే తెస్తా. అందరి ఎదుటా నొక్కుతా. దెయ్యం నొక్కుతుందేమో చూసుకోండి."

అన్నట్టే అత్తాకోడళ్ళు వేడి ట్రేలను దుప్పట్లో చుట్టి తెచ్చి కొట్టు బల్ల మీద పెట్టారు. మొదటి పది ముక్కలూ అచ్చుగుద్దినట్టు వచ్చాయి. పాత ఖాతాదారు, పక్కవీధి టైలరు, కళ్ళు మూసుకుని తడిమి, "ఇదే! ఇదే!" అన్నాడు. ఇరవయ్యోది పట్టుకుని మొహం చిట్లించాడు.

"ఈ గుంట తేలిపోయిందేంటి? ఎవరు నొక్కారు?"

కోడలు గబగబా తన వేలితో ఒకటి నొక్కింది.

"లోతుంది గానీ గీత లేదమ్మా" అని దాన్ని కింద పెట్టేశాడు. కొట్టాయన అర వైపు చూశాడు.

కోడలు అత్త చెయ్యి లాక్కుని చూసింది. కణుపు ఉసిరికాయంత ఉంది. "ఎప్పటినుంచి అత్తయ్యా ఇది?"

"విచారణ ఇంటికెళ్ళాక పెట్టుకో. నీ వేలు నా వేలి మీద పెట్టి నొక్కు."

"నొప్పి పుడుతుందండీ!"

"పుడితే నాకు పుడుతుంది. సబ్బు ఆగుతుందా? నొక్కు!"

కోడలు కళ్ళు మూసుకుని నొక్కింది. నురగమ్మ పెదవి కరుచుకుంది. గుంట పడింది, అడ్డంగా గీతా పడింది. టైలరు తడిమి, "ఇది నాకు పక్కన పెట్టండి, ఆరాక పట్టుకెళ్తా" అన్నాడు.

"వచ్చే నెల కూడా ఇలాగేనా పెద్దమ్మా?" కొట్టాయన మెల్లగా అడిగాడు.

ఆవిడ తర్వాతి ముక్క మీద వేలు పెట్టింది. ఇంకా నలభై ముక్కలున్నాయి. ట్రే అంచులు అప్పుడే బిగుసుకుంటున్నాయి.

"ఏడుపాపి నొక్కవే" అంది కోడలితో, తన కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక.